ఆప్టిప్లెక్స్ లాంటి చిన్న పాత డెస్క్‌టాప్‌లో గ్రాఫిక్స్ కార్డు: ఏది పడుతుంది, ఏది పడదు

తమ్ముడూ, ముందు నీ ప్రశ్నని కుదించి చెప్తాను, తర్వాత చదివేవాళ్లకి కూడా పనికొస్తుంది. బెంగళూరు మారతహళ్లిలో రూమ్. ఆఫీసుల నుంచి బయటికొచ్చిన సెకండ్ హ్యాండ్ డెల్ ఆప్టిప్లెక్స్ 9020, అందులోనూ సన్నగా ఉండే ఎస్ఎఫ్ఎఫ్ మోడల్ కొన్నావు. లోపల ఐ5-4590, 8 జీబీ ర్యామ్ ఒకటే స్టిక్, 255 వాట్ల పవర్ సప్లై. రాత్రిళ్లు వాలొరంట్ ఆట, సెలవు రోజు జీటీఏ 5, మధ్యలో పెళ్లి వీడియోలు తీసే ఫ్రెండు కోసం కాస్త ఎడిటింగ్. చేతిలో పది వేలు ఉన్నాయి. కంప్యూటర్ సామాన్ల బజారు ఎస్పీ రోడ్డులో ఒక షాపాయన 4 జీబీ జీటీ 730 కార్డు చూపించాడు. నీ రూమ్మేటేమో సైడు మూత తీసేసి ఆర్‌టీఎక్స్ 3060 పెట్టెయ్యమంటున్నాడు. ఎవరి మాట వినాలి అని అడిగావు.

ఇద్దరి మాటా వినకు.

నేను ఈ ఊళ్లో ఆఫీసులకి డెస్క్‌టాప్ సర్వీసు చేస్తాను. ఆప్టిప్లెక్స్, ఎలైట్‌డెస్క్, థింక్‌సెంటర్ ఇవన్నీ విప్పడం, బిగించడమే నా పని. యూట్యూబ్‌లో ఫ్రేమ్ రేట్లు చూసి కార్డు కొనేసి, ఆ తర్వాత ‘అన్నా, పెట్టెలో పట్టట్లేదు’ అని వచ్చేవాళ్లు చాలామంది. ఇలాంటి చిన్న పెట్టెల్లో కార్డుని ఎంచేది మనం కాదు, పెట్టే. ఎత్తు, మందం, వాట్లు తేలాకే చిప్ పేరు గురించి మాట్లాడుకోవాలి.

రూమ్మేట్ సలహా సంగతి ముందు తేల్చేద్దాం. 3060 ఒక్కటే 170 వాట్లు తాగుతుంది. దానికి విడిగా 8 పిన్ కరెంటు కనెక్టర్ కావాలి, నీ పవర్ సప్లైలో అది లేదు. 9020లో ఉన్నది మామూలు ఏటీఎక్స్ సప్లై కూడా కాదు, బోర్డుకి వెళ్లేది డెల్ సొంత 8 పిన్ కనెక్టర్, కాబట్టి బయట కొన్న సప్లై నేరుగా తగలదు. కన్వర్టర్ కేబుళ్లు దొరుకుతాయి, సప్లైని పెట్టె బయట టేబుల్ మీద పెట్టి నడిపేవాళ్లూ ఉన్నారు. నడుస్తుంది. కానీ మూత లేని కంప్యూటరు, బయట వేలాడే సప్లై, బెంగళూరు రోడ్డు దుమ్ము, రూములో నలుగురు తిరగడం... నేనైతే ఎవరికీ చెప్పను. దానికి పెట్టే డబ్బుతో టవర్ మోడల్‌కి మారిపోవడం నయం.

ఇప్పుడు ఎత్తు. ఎస్ఎఫ్ఎఫ్ పెట్టెలో పట్టేది లో ప్రొఫైల్ కార్డు మాత్రమే. మామూలు కార్డు 111 మిల్లీమీటర్ల ఎత్తు ఉంటుంది, లో ప్రొఫైల్ కార్డు 69 మిల్లీమీటర్ల లోపు. ఇందులో ఒక మెలిక ఉంది. కార్డు లో ప్రొఫైల్ అయినా, వెనక ఉండే ఇనుప బ్రాకెట్ పెద్దది బిగించి అమ్ముతారు. కొత్త కార్డు అయితే చిన్న బ్రాకెట్ డబ్బాలోనే వస్తుంది. సెకండ్ హ్యాండ్‌లో మాత్రం పాత యజమాని దాన్ని ఎక్కడో పడేసి ఉంటాడు. ‘చిన్న బ్రాకెట్ ఉందా?’ అని డబ్బులిచ్చే ముందే అడుగు. విడిగా కొందామంటే ఆ కార్డు పోర్టుల వరుసకి సరిపోయేది దొరకడం పెద్ద తలనొప్పి. బ్రాకెట్ లేకుండా కార్డు స్లాట్‌లో నిలబడుతుంది గానీ, వెనక కేబుల్ పీకినప్పుడల్లా కార్డు కదులుతుంది. ఒకరోజు డిస్‌ప్లే పోతుంది, నువ్వు డ్రైవర్ పాడైందనుకుని విండోస్ మళ్లీ వేస్తూ కూర్చుంటావు.

మందం దగ్గరే ఎక్కువమంది దెబ్బతింటారు. మూత తీస్తే నీకు రెండు పొడవాటి స్లాట్లు కనిపిస్తాయి. చూడ్డానికి ఒకేలా ఉంటాయి, కానీ ఒకటే అసలైన ఎక్స్16, అంటే పదహారు డేటా లైన్లది. డెల్ దానికి నీలం రంగు వేస్తుంది. రెండోది పొడవుగా ఉన్నా లోపల వైరింగ్ ఎక్స్4కే, అదీ పాత పీసీఐ ఎక్స్‌ప్రెస్ 2.0 వేగంతో. కార్డు నీలం స్లాట్‌లోకే వెళ్లాలి. ఆ స్లాట్‌లో కార్డు పెడితే దాని ఫ్యాను ఏ వైపు తిరుగుతుందో, ఆ వైపు ఏముందో చూడు. పక్కన ఖాళీ స్లాట్ ఉంటే రెండు స్లాట్ల మందం ఉన్న కార్డు కూడా పట్టవచ్చు. పవర్ సప్లై డబ్బానో, పెట్టె గోడనో ఉంటే ఒకే స్లాట్ మందం ఉన్న కార్డే గతి. ఈ అమరిక ఒకే కంపెనీలో కూడా ఏడాదికో రకంగా మారుతుంది, అందుకే ‘మా ఆప్టిప్లెక్స్‌లో పట్టింది’ అని ఎవరైనా చెప్తే మోడల్ నంబరు అడక్కుండా నమ్మొద్దు. స్కేలు పెట్టి నీలం స్లాట్ నుంచి పక్క గోడ దాకా దూరం, వెనక నుంచి హార్డ్ డిస్క్ తొట్టి దాకా పొడవు రెండూ కొలువు. 170 మిల్లీమీటర్ల పొడవు దొరికితే లో ప్రొఫైల్ కార్డుల్లో దాదాపు అన్నీ సరిపోతాయి. ఒక ఫొటో కూడా తీసి ఫోన్లో ఉంచుకో, షాపులో చూపించడానికి.

వాట్లు. ఎక్స్16 స్లాట్ ప్రమాణం ప్రకారం గరిష్ఠంగా 75 వాట్లు ఇస్తుంది. విడిగా కరెంటు కేబుల్ అక్కర్లేని కార్డులన్నీ ఆ 75 లోపే ఉంటాయి. అయితే చిన్న పెట్టెలకి కొన్ని కంపెనీలు తమ మాన్యువల్లో అంతకన్నా తక్కువ అంకె రాస్తాయి. నీ ప్రాసెసర్ 84 వాట్లు, బోర్డు, ర్యామ్, డిస్కులు కలిపి ఒక 40 అనుకో, కార్డు 75. అన్నీ ఒకేసారి పూర్తిగా పనిచేసినా 200 దగ్గరే, 255లో సరిపోయినట్టే. కాగితం మీద లెక్క అది. ఆ సప్లై వయసు పదేళ్లు దాటి ఉంటుంది, ఏదో ఆఫీసులో పగలూ రాత్రీ నడిచి ఉంటుంది. అందుకే నా ఓటు ఎప్పుడూ 50 వాట్ల దగ్గర ఆగే కార్డుకే. సప్లై మీద బరువు తగ్గుతుంది, లోపల వేడీ తగ్గుతుంది. ఈ పెట్టెల్లో గాలి తిరగడానికి ఉన్న చోటే తక్కువ.

ఇంకో మాట ఇక్కడే చెప్పేస్తాను. సాటా కేబుల్ నుంచి 6 పిన్ తీసే చిన్న కన్వర్టర్లు అమ్ముతారు, కొనకు. సాటా కరెంటు కనెక్టర్‌లో 12 వోల్టుల పిన్నులు మూడే, మొత్తం 54 వాట్ల వరకే దాని సామర్థ్యం. 6 పిన్ కార్డు 75 దాకా లాగొచ్చు. ప్లాస్టిక్ కరిగి నల్లబడిన కనెక్టర్లు మా టేబుల్ మీదికి వస్తూనే ఉంటాయి.

సరే, షాపాయన చూపించిన జీటీ 730. ఆయన పూర్తిగా అబద్ధం చెప్పలేదు. వాలొరంట్ తయారీదారులే 30 ఫ్రేములకి ఇంటెల్ హెచ్‌డీ 4000 చాలన్నారు, 60 ఫ్రేములకి జీటీ 730, 144కి జీటీఎక్స్ 1050 టీఐ అని రాశారు. అంటే వాలొరంట్ నీ ప్రాసెసర్‌లో ఉన్న హెచ్‌డీ 4600 మీదే ఎంతోకొంత ఆడుతుంది. కానీ 730 అనేది 2014 నాటి సరుకు. అదే పేరుతో రకరకాల కార్డులు ఉన్నాయి: కొన్నింట్లో 96 కోర్లు, కొన్నింట్లో 384, కొన్నింటికి డీడీఆర్3 మెమరీ, కొన్నింటికి దానికన్నా వేగమైన జీడీడీఆర్5. షాపులో దొరికే 4 జీబీ రకం సాధారణంగా నెమ్మది డీడీఆర్3 మెమరీదే. డబ్బా మీద పెద్దక్షరాలతో ఉండే 4 జీబీ చూసి మోసపోవద్దు. ఆ చిప్ అంత మెమరీని వాడుకునేలోపే ఆట ఆగి ఆగి నడుస్తుంది. పైగా ఆ తరం చిప్‌లకి ఎన్విడియా కొత్త గేమ్ డ్రైవర్లు 2021 నాటికే ఆపేసింది. నీ డబ్బుకి అది న్యాయం కాదు.

జీటీ 1030 అని ఇంకొకటి చూపిస్తారు. 30 వాట్లే, సన్నగా ఉంటుంది, పెట్టెలో ఏ ఇబ్బందీ లేకుండా కూర్చుంటుంది. దీంట్లోనూ మెలికే. 2017లో వచ్చిన మొదటి రకం జీడీడీఆర్5, సెకనుకి 48 జీబీ డేటా లాగుతుంది. ఆ తర్వాతి ఏడాది అదే పేరు మీద డీడీఆర్4 రకం వదిలారు, అది 17 కూడా దాటదు. పేరు ఒకటే, డబ్బా రంగు ఒకటే, ఆటలో మాత్రం ఏనుగుకీ ఎలుకకీ ఉన్నంత తేడా. వాలొరంట్ ఒక్కటే అయితే జీడీడీఆర్5 రకం తీసుకోమనేవాణ్ని. నీకు ఎడిటింగ్ కూడా ఉంది. 1030లో వీడియో ఎన్‌కోడర్, అంటే వీడియోని కుదించి ఫైలుగా మార్చే భాగం, అసలు లేదు, ఎక్స్‌పోర్ట్ చేసేటప్పుడు భారమంతా పాపం ఆ ఐ5 మీదే పడుతుంది.

నీకు నేను చెప్పేది ఆఫీసు వర్క్‌స్టేషన్ల నుంచి వచ్చే కార్డు వెతకమని. ఎన్విడియా టీ1000, అది దొరక్కపోతే టీ600. గేమింగ్ కార్డుల మోజులో వీటిని ఎవరూ పట్టించుకోరు. టీ1000 లోపల ఉన్నది జీటీఎక్స్ 1650లో ఉన్న చిప్పే, అవే 896 కోర్లు. కాకపోతే 50 వాట్లకి కట్టేశారు కాబట్టి వేగం కొంచెం తక్కువ. ఒకే స్లాట్ మందం, లో ప్రొఫైల్, పొడవు 156 మిల్లీమీటర్లు. చిన్న పెట్టె కోసమే కొలిచి చేసినట్టు ఉంటుంది. టీ600లో 640 కోర్లు, 40 వాట్లు, 4 జీబీ. రెండింట్లోనూ వీడియో ఎన్‌కోడర్ ఉంది కాబట్టి పెళ్లి వీడియో ఎక్స్‌పోర్ట్ వేగంగా అవుతుంది. జీటీఏ 5 మీడియం సెట్టింగ్స్‌లో 1080పీలో హాయిగా ఆడొచ్చు. ఒక్క ఇబ్బంది: వీటికి హెచ్‌డీఎంఐ ఉండదు, నాలుగూ మినీ డిస్‌ప్లే పోర్టులే. మినీ డిస్‌ప్లే పోర్ట్ నుంచి హెచ్‌డీఎంఐకి వెళ్లే కేబుల్ ఒకటి ఆ రోజే కొనుక్కో. కార్డు తెచ్చుకుని, రాత్రి పదకొండింటికి కేబుల్ లేదని తల పట్టుకుంటే ఆన్‌లైన్‌లో ఆర్డరు పెట్టి మర్నాటి దాకా కూర్చోవాలి.

నీ పెట్టెలో రెండు స్లాట్ల చోటు ఉందని తేలితే లో ప్రొఫైల్ జీటీఎక్స్ 1650 కూడా మంచిదే. 75 వాట్లు, హెచ్‌డీఎంఐ ఉంటుంది. 2016 నాటి 1050 టీఐ కూడా చాలా దొరుకుతుంది, ఆటలు ఇప్పటికీ లాగుతుంది. కానీ ఆ తరానికి ఎన్విడియా 2025 అక్టోబరుతో గేమ్ డ్రైవర్లు ఆపి, 2028 అక్టోబరు దాకా భద్రతా అప్‌డేట్లు మాత్రమే ఇస్తానంది. బాగా చవగ్గా వస్తే తప్ప ఇప్పుడు దాని జోలికి వెళ్లను. క్వాడ్రో పీ620, పీ1000 కూడా ఆ తరానివే.

ఏఎండీ వాళ్ల ఆర్‌ఎక్స్ 6400 ఎందుకు చెప్పట్లేదని ఎవరైనా అడుగుతారు. 53 వాట్లు, ఒకే స్లాట్‌లోనూ దొరుకుతుంది, కొత్త కంప్యూటర్లో బాగుంటుంది. దానికి ఉన్నది నాలుగు పీసీఐ లైన్లే, అవి 4.0 వేగానికి చేసినవి. మన నాలుగో తరం ప్రాసెసర్ 3.0 దగ్గరే ఆగుతుంది, అంటే దారి సగమైపోతుంది. మెమరీ నిండిన ఆటల్లో అది తెలిసిపోతుంది. వీడియో ఎన్‌కోడర్ కూడా లేదు. ఇంటెల్ ఆర్క్ ఏ310, ఏ380 అయితే రీసైజబుల్ బార్ (ప్రాసెసర్ కార్డు మెమరీ మొత్తాన్నీ ఒకేసారి అందుకునే సదుపాయం) లేకుండా నీరసంగా నడుస్తాయి, 9020 బయోస్‌లో, అంటే ఆన్ చెయ్యగానే ముందు నడిచే బోర్డు సాఫ్ట్‌వేర్‌లో, అది రాదు. వదిలెయ్.

ఆర్‌టీఎక్స్ ఏ2000, లో ప్రొఫైల్ ఆర్‌టీఎక్స్ 3050 6 జీబీ రెండూ 70 వాట్లలో వచ్చే గట్టి కార్డులు. చిన్న పెట్టెలో ఇంతకన్నా పెద్దది ఆశించకూడదు. అయితే వాటి ధర నీ కంప్యూటర్ మొత్తం ధరని దాటుతుంది. నాలుగు కోర్లు, నాలుగు థ్రెడ్లు ఉన్న ఐ5-4590 వాటికి పని అందించలేక చేతులెత్తేస్తుంది.

ఇక అసలు సంగతి. పది వేలూ కార్డు మీదే పెట్టకు. ఒకటే 8 జీబీ స్టిక్ అంటే మెమరీ ఒకే చానెల్లో నడుస్తోంది. ఇంకో 8 జీబీ డీడీఆర్3 స్టిక్ పక్కన వేస్తే రెండు చానెళ్లు అవుతాయి, ఎడిటింగ్‌కి 16 జీబీ ఎలాగూ కావాలి. పాత డీడీఆర్3 ర్యామ్ ఎస్పీ రోడ్డులో పెద్ద ఖరీదేమీ కాదు. ఇది కార్డు కన్నా ముందు చెయ్యి, తేడా ఆ రోజే తెలుస్తుంది. ఎస్ఎస్‌డీ లేకపోతే అదీ ముందే. తర్వాత ఎప్పుడైనా చేతిలో డబ్బుంటే ఐ7-4770 గానీ 4790 గానీ అదే సాకెట్‌లో కూర్చుంటుంది.

కొనడానికి ఎస్పీ రోడ్డే వెళ్లు, చిక్‌పేట మెట్రోలో దిగి నడిచిపోవచ్చు. ఆదివారం వద్దు, చాలా షాపులు మూసి ఉంటాయి. కొత్త డబ్బాలు పేర్చిన పెద్ద షాపుల్లో టీ600 అడిగితే కొత్తది తెప్పిస్తామంటారు, రేటు కూడా అలాగే ఉంటుంది. కంపెనీల నుంచి పాత వర్క్‌స్టేషన్లు లాట్లుగా కొనే షాపులు సందుల్లో, మేడ మీద ఉంటాయి. ‘వర్క్‌స్టేషన్ కార్డు, లో ప్రొఫైల్’ అని అడుగు. చాలాచోట్ల తెలుగు మాట్లాడేవాళ్లు ఉంటారు, లేకపోతే కన్నడమో హిందీయో నడుస్తుంది. మొదట చెప్పిన రేటుకి కొనొద్దని నీకు చెప్పక్కర్లేదు.

అక్కడే కంప్యూటర్లో పెట్టించి చూడు. కార్డు లోపల ఏ చిప్ ఉందో చూపించే జీపీయూ-జెడ్ అనే చిన్న ప్రోగ్రాం పెన్ డ్రైవ్‌లో తీసుకెళ్లు. పాత జీటీఎస్ 450 లాంటి కార్డుకి ఉండే సొంత బయోస్ మార్చి 1050 టీఐ అని అమ్మే మోసం ఏళ్ల నుంచి ఉంది. విండోస్ దాన్ని 1050 టీఐ అనే చూపిస్తుంది. జీపీయూ-జెడ్ మాత్రం 2018 నుంచి అలాంటివాటి పేరు ముందు ఫేక్ అని రాసేస్తోంది. ప్రోగ్రాం లేకుండా కూడా ఒక గుర్తు ఉంది: 1050 టీఐ అంటూ వెనక నీలం వీజీఏ పోర్టు కనిపిస్తే అనుమానించు. ఆ తరం చిప్‌లు అనలాగ్ సిగ్నల్ ఇవ్వవు. తర్వాత కార్డు మీద పూర్తి భారం పెట్టే ఫర్‌మార్క్ ప్రోగ్రాం పెట్టి ఒక పది నిమిషాలు తిప్పమను. ఫ్యాను కీచుమంటోందా, తెర మీద చుక్కలు, గీతలు వస్తున్నాయా, వేడి ఎక్కడ నిలబడుతోంది చూడు. అంతసేపు టెస్ట్ చెయ్యనివ్వని షాపు నుంచి నవ్వుతూ బయటికి వచ్చెయ్. సెకండ్ హ్యాండ్‌కి సాధారణంగా ‘టెస్టింగ్ వారంటీ’ అని కొన్ని రోజులు ఇస్తారు, అది బిల్లు మీద రాయించు. నోటి మాట మర్నాడు గుర్తుండదు.

బిగించే ముందు బయోస్ అప్‌డేట్ చెయ్యి. డెల్ సైట్‌లో పెట్టె మీది సర్వీస్ ట్యాగ్ కొడితే వస్తుంది. పాత బయోస్‌తో కొత్త కార్డు పెట్టి తెర నల్లగా ఉండిపోయిన కేసులు చాలా చూశాను. యూపీఎస్ లేకపోతే కరెంటు పోయే వేళ చెయ్యకు, మధ్యలో ఆగితే బోర్డు పోయినట్టే. ఆఫీసు మెషిన్ కాబట్టి బయోస్‌కి పాత కంపెనీ పాస్‌వర్డ్ మిగిలి ఉండొచ్చు. డెల్ బోర్డు మీద పీఎస్‌డబ్ల్యూడీ అని రాసిన చిన్న జంపర్ ఉంటుంది, దాన్ని తీసి ఒకసారి ఆన్ చేస్తే పాస్‌వర్డ్ పోతుంది. తర్వాత జంపర్ మళ్లీ పెట్టెయ్.

కరెంటు వైరు పీకి, పవర్ బటన్ కొన్ని సెకన్లు నొక్కిపట్టు, మిగిలిన కరెంటు పోతుంది. మూత తీశాక ముందు దుమ్ము ఊదు, ముఖ్యంగా సప్లై వెనక జాలీ. ప్రాసెసర్ హీట్‌సింక్ కింద పేస్ట్ ఎండిపోయి ఉంటుంది, అదీ మార్చెయ్. కార్డు వచ్చాక లోపల వేడి పెరుగుతుంది, ఆ ఫ్యాను గోల నీకే వినబడుతుంది. కార్డు స్లాట్‌లో క్లిక్‌మనేదాకా సమంగా నొక్కు.

ఆన్ చేస్తే తెర నల్లగా ఉందా? కంగారు పడకు. కేబుల్ ఇంకా బోర్డు పోర్టులోనే ఉందేమో చూడు, నూటికి తొంభై అదే. కార్డు పెట్టగానే బోర్డు పోర్టులు ఆగిపోతాయి. కేబుల్ సరిగ్గానే ఉంటే, కార్డు తీసేసి బోర్డు పోర్టుతో బయోస్‌లోకి వెళ్లి బూట్ మోడ్ యూఈఎఫ్ఐలో (కొత్త పద్ధతి) ఉందా లెగసీలో (పాత పద్ధతి) ఉందా చూడు. లెగసీలో ఉంటే తొందరపడి మార్చెయ్యకు, విండోస్ ఏ పద్ధతిలో ఇన్‌స్టాల్ చేశారో అదే పద్ధతిలో బూట్ అవుతుంది. ముందు లెగసీ ఆప్షన్ రోమ్స్ ఎనేబుల్ చేసి కార్డు మళ్లీ పెట్టు.

విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మామూలు సపోర్టు 2025 అక్టోబరు 14తో ఆగిపోయింది, నాలుగో తరం ప్రాసెసర్‌కి విండోస్ 11 అధికారికంగా లేదు. ఎవరో దొడ్డిదారిన 11 వేసిస్తామంటారు. వేసుకుంటే వాలొరంట్ మొరాయిస్తుంది, 11 మీద అది టీపీఎం 2.0 అనే భద్రతా చిప్, సెక్యూర్ బూట్ అడుగుతుంది. 9020లో ఉన్నది టీపీఎం 1.2. వాలొరంట్ కావాలన్నంతకాలం 10 మీదే ఉండు, బ్యాంకు పనులు మాత్రం ఫోన్లో చేసుకో.

డ్రైవర్ దించేటప్పుడు ఎన్విడియా సైట్‌లో జీఫోర్స్ కింద వెతికితే టీ1000, టీ600 కనిపించవు, ఆర్‌టీఎక్స్, క్వాడ్రో అని ఉన్న వర్గంలో చూడు. ఎడిటింగ్‌కి ఇంటెల్ గ్రాఫిక్స్ కూడా పక్కన బతికుండాలనుకుంటే బయోస్‌లో వీడియో విభాగం కింద మల్టీ డిస్‌ప్లే ఎనేబుల్ చెయ్యి. స్కేలుతో కొలిచిన రెండు అంకెలూ, మూత తీసిన ఫొటో ఇక్కడ పెట్టు, రెండు స్లాట్ల కార్డు పడుతుందో లేదో చూసి చెప్తాను.